తుఫాను క్లాక్‌కి ఆరు గళ్ళు: బరంపురంలో ఒక ఇండీ ఆర్పీజీని ఆడి ఫీడ్‌బ్యాక్ రాసిన నా అనుభవం

ఇంకా పూర్తిగా తయారవ్వని ఆటని మనం ముందే ఆడి, ఎక్కడ బాగా నడిచింది ఎక్కడ ఆగిపోయింది అని దాన్ని రాసినవాళ్ళకి తిరిగి చెప్పడాన్ని ప్లేటెస్ట్ అంటారు. ఒడిశాలోని బరంపురంలో మా ఇంట్లోనే, మావాళ్ళని కూర్చోబెట్టి నేను ఈ పని చేస్తున్నాను. చాలా ఆటలు ఆడాం గాని ఒక్క ఆట గురించి మాత్రం వివరంగా రాయాలని ఉంది, ఎందుకంటే ఫీడ్‌బ్యాక్‌లో ఏం రాస్తే డిజైనర్‌కి నిజంగా పనికొస్తాదో నాకు ఆ ఆటతోనే తెలిసింది, పైగా మన గంజాం వైపు వాళ్ళు తప్ప ఇంకో టేబుల్ చెప్పలేని విషయం ఒకటి అందులోనే బయటికొచ్చింది.

ముందు ఈ ఆటలు తెలీనివాళ్ళ కోసం రెండు మాటలు. టేబుల్‌టాప్ ఆర్పీజీ (రోల్ ప్లేయింగ్ గేమ్) అంటే నలుగురైదుగురు చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట. ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకుంటారు, ఒకరు జీఎం, అంటే కథ నడిపే మనిషి. పాత్ర ఏం చేస్తుందో మనం చెప్తాం, అది జరుగుతాదో లేదో తేలాల్సిన చోట డైస్ వేస్తాం. 1974లో గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇది మొదలైంది, ఇప్పటికీ పెద్ద పేరు దానిదే. ఇండీ అంటే వెనకాల పెద్ద కంపెనీ ఏమీ లేకుండా ఒకరో ఇద్దరో రాసి, పీడీఎఫ్ చేసి సొంతంగా అమ్ముకునేవి, కొన్నయితే మొత్తం ఆట ఒక్క పేజీలోనే ఉంటాది. వీటిలో బోలెడు ఆటలకి దారి చూపించింది 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ రాసిన అపోకలిప్స్ వరల్డ్. అందులో రూల్ ఏటంటే, రెండు మామూలు ఆరు ముఖాల డైస్ వేసి కూడాలి, దానికి మీ పాత్ర బలం ఎంతుంటే అంత కలపాలి. 10 గాని ఆపైన గాని వస్తే అనుకున్నది అయిపోతాది. 7 నుంచి 9 వస్తే అవుతాది గాని దానికి ఏదో ఒకటి నష్టపోవాలి. 6 గాని అంతకంటే తక్కువ గాని వస్తే జీఎం కథని కష్టం వైపు తిప్పుతారు. ఈ 7 నుంచి 9 అన్న మధ్య ముక్కని కొంచెం గుర్తు పెట్టుకోండి, మా కథలో సగం అక్కడే ఉంది.

నేను ఇటు రావడానికి కారణం మా బావ. 2020 జూన్‌లో ఇచ్.ఐఓలో, అంటే ఇండీ ఆటలు అమ్ముకునే వెబ్‌సైట్‌లో, జాతి న్యాయం కోసం ఒక పెద్ద బండిల్ పెట్టారు, కనీసం 5 డాలర్లు ఇస్తే 1,700కి పైగా ఐటెమ్స్, బావ అది వీడియో గేమ్స్ కోసం కొన్నాడు, గాని లోపల టేబుల్‌టాప్ ఆటల పీడీఎఫ్‌లు కుప్పలుగా ఉన్నాయి, వాటిని ఎవ్వరం ముట్టుకోలేదు. తర్వాత 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూల్స్‌ని వేరేవాళ్ళు కూడా వాడుకోనిచ్చే ఓపెన్ లైసెన్స్ మార్చబోతున్నారని పెద్ద గొడవైంది, చివరికి కంపెనీ వెనక్కి తగ్గి 5.1 రూల్స్ డాక్యుమెంట్‌ని ఎవరైనా వాడుకోగలిగే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టీసింది. ఆ గొడవ టైంలో వేరే ఆటలు ఏమున్నాయి అని చాలామంది వెతికారు, నేనూ అలగే బావ ఫోల్డర్ తెరిచాను. తెరిచాక మళ్ళీ మూయలేదు.

ఇచ్.ఐఓలో పూర్తయిన ఆటలతోపాటు ప్లేటెస్ట్ ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, అవి ఎక్కువగా ఫ్రీయే. పూర్తయిన ఆట కొనే స్తోమత లేకపోతే కమ్యూనిటీ కాపీస్ అని కొంతమంది డిజైనర్లు కొన్ని కాపీలు ఊరికే తీసుకోవడానికి పక్కన పెడతారు, తీసుకోవడానికి మొహమాటపడక్కర్లేదు, వాళ్ళు అందుకే పెట్టారు. ఇక్కడ నేను చెప్పే ఆట ఇంకా డ్రాఫ్ట్, అందుకని పేరు గాని రాసినవాళ్ళ పేరు గాని చెప్పను. వేరే దేశం మనిషి. ఆట ఒక చిన్న ఓడరేవు ఊరి గురించి. మనందరం ఆ ఊరి జనం, పడవ నడిపేవాళ్ళు, వలలు బాగుచేసేవాళ్ళు, లైట్‌హౌస్ చూసుకునేవాళ్ళు. తుఫాను వస్తోంది. టేబుల్ మధ్యలో ఒక గుండ్రం గీసి ఆరు ముక్కలు చేస్తాం, దాన్ని క్లాక్ అంటారు, బ్లేడ్స్ ఇన్ ద డార్క్ లాంటి ఆటలు ఆడినవాళ్ళకి ఇది బాగా తెలుసు. ఏదైనా చెడు జరిగినప్పుడల్లా ఒక గడి నింపుతాం, ఆరు గళ్ళూ నిండితే తుఫాను ఊరి మీద పడుతుంది. అప్పటిలోగా ఎవరి పనులు వాళ్ళు చక్కబెట్టుకోవాలి. చదవగానే ఈ ఆట ఆడాలి అనిపించింది, సముద్రం పక్కన ఉండేవాళ్ళం కదా.

ఇది బ్లైండ్ ప్లేటెస్ట్. అంటే డిజైనర్ పక్కన ఉండరు, అర్థం కాకపోతే అడగకూడదు, కాగితం మీద ఏది రాసుంటే దాంతోనే నడపాలి. రేపు ఎవరో కొనుక్కుని ఆడినప్పుడు వాళ్ళ పక్కన కూడా డిజైనర్ ఉండరు కదా, అందుకని ఇది చాలా అవసరమైన టెస్ట్. నేను ముందుగా ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీకి మధ్యలో గీత గీశాను, ఎడమ పక్కన టైం, కుడి పక్కన ఏం జరిగిందో. నా అభిప్రాయం ఆడుతున్నప్పుడు రాయను, ఎవరు ఏం చేశారు, ఎవరు ఏ పేజీ మళ్ళీ తిరగేశారు, ఎవరు ఫోన్ తీశారు, ఇవే. ఆట అయిపోయాక గుర్తు తెచ్చుకుని రాద్దాంలే అనుకుంటే బాగున్న క్షణాలు మాత్రమే గుర్తుంటాయి, మధ్యలో అరగంట చప్పబడిపోయిన సంగతి ఎవరికీ గుర్తుండదు, డిజైనర్‌కి కావాల్సింది ఆ అరగంటే.

ప్రింట్ దగ్గరే మొదటి ఫీడ్‌బ్యాక్ వచ్చీసింది. పీడీఎఫ్‌లో సగం పేజీలు నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు, చూడ్డానికి చాలా అందంగా ఉన్నాయి. జిరాక్స్ షాపు అతను రెండు పేజీలు వచ్చేసరికి ఆపేసి, ఇలగైతే నా టోనర్ అంతా పోతాది, తెల్ల పేజీలున్న ఫైల్ తెండి అన్నాడు. అతను చెప్పింది న్యాయమే. ఇంకోటి, పేజీలు ఏ4 సైజులో రెండు కాలమ్‌లుగా ఉన్నాయి, మావాళ్ళంతా ఫోన్‌లోనే చదువుతారు, జూమ్ చేసి కిందకి వెళ్ళి మళ్ళీ పైకి వచ్చి పక్క కాలమ్‌కి వెళ్ళాలి. పెద్ద మానిటర్ మీద లేఔట్ చేసినవాళ్ళకి ఇది కనబడదు. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గాని రూల్ చదవలేకపోతే రూల్ బాగుందో లేదో తేలేదెక్కడ.

డైస్ మాకు సమస్య కాలేదు. నాలుగు ముఖాలవి, ఇరవై ముఖాలవి ఇక్కడ బజార్లో దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఆరు ముఖాలవైతే ప్రతి ఇంట్లో లూడో డబ్బాలో ఉంటాయి. ఆరు ముఖాల డైస్‌తో, పేకముక్కలతో నడిచే ఆటలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, మా లాంటి ఊర్లో సాయంత్రం అనుకుని రాత్రికి ఆడీగలిగేది వాటినే. ఈ ఆటలో రెండూ ఉన్నాయి, పనులకి డైస్, ఊర్లో జరిగే సంఘటనలకి పేకముక్కలు, ఒక్కో ముక్కకి పుస్తకంలో ఒక ప్రశ్న.

ఆడినవాళ్ళు మా అక్క, బావ, పిన్ని కూతురు, అంటే మా చెల్లి, నాతో కాలేజీలో చదివిన ఒక ఒడియా ఫ్రెండ్, ఇంకా మా మావయ్య. జీఎం నేను. మావయ్య పట్టు నేసినవారు, గుంట మగ్గం మీద ఏళ్ళ తరబడి బరంపురం పట్టు చీరలు నేశారు, ఇప్పుడు మానేశారు. ఆయన ఆడతారని ఎవరం అనుకోలేదు, ఊరికే పక్కన కూర్చున్నారు, కాసేపు విని, "ఏట్రా, ఇందులో గెలిచేదెవరు?" అని అడిగారు. ఎవరూ గెలవరు మావయ్యా, అందరం కలిసి ఒక కథ చెప్తాం, నువ్వు ఒక మనిషివి అనుకుని ఆ మనిషి మాట్లాడినట్టు మాట్లాడాలి అన్నాను. "అయితే వేషం కట్టినట్టే కదా, మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా" అని జరిగి ముందుకొచ్చీసారు. మా ఊర్లో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర అవుతాది, బుఢీ ఠాకురాణి అమ్మవారిని మన తెలుగు నేతవాళ్ళ పెద్ద దేశిబెహరా తమ ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి పిలుచుకొస్తారు, ఆ రోజుల్లో మొక్కుకున్నవాళ్ళు రకరకాల వేషాలు కట్టి తిరుగుతారు. మావయ్య చిన్నప్పుడు పులి వేషం కట్టారు. పాత్రలోకి వెళ్ళడం ఎలాగో ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. పుస్తకంలో పాత్రలోకి ఎలా వెళ్ళాలో రెండు పేజీలు రాశారు, మా టేబుల్‌లో ఆ రెండు పేజీలూ ఎవరికీ అవసరం రాలేదు, ఇది కూడా నోట్ చేశాను.

మొదలెట్టేముందు ఎక్స్ కార్డ్ గురించి చెప్పాను. జాన్ స్టావ్రోపౌలోస్ తయారు చేసిన పద్ధతి ఇది, ఒక కాగితం మీద ఎక్స్ అని రాసి మధ్యలో పెడతాం, ఆటలో వచ్చిన విషయం ఎవరికైనా భరించలేనట్టు ఉంటే ఆ కార్డు ముట్టుకుంటారు, అది తీసేసి ముందుకు వెళ్ళిపోతాం, ఎందుకు అని అడగకూడదు. బావ, ఇంట్లోవాళ్ళమే కదా ఇదెందుకు అన్నాడు. ఇంట్లోవాళ్ళమైనా సరే, ఉంటే పోయేదేం లేదు అని పెట్టాను.

ఇంక ఆట. మొదటి ఇబ్బంది నాకే వచ్చింది. ప్రతి సీన్ ముందు జీఎం పైకి చదవాల్సిన పేరా ఒకటి బాక్స్‌లో ఉంది, ఎనిమిది పది లైన్లు, మంచి ఇంగ్లీషు. మా టేబుల్‌లో మాటలు తెలుగూ ఒడియా కలిసి నడుస్తాయి, ఇంగ్లీషులో చదివితే మావయ్యకి అందదు, తెలుగులో చెప్పాలంటే నేను ఒక లైన్ చదువుకుని, ఆలోచించి, చెప్పి, మళ్ళీ ఇంకో లైన్. అప్పటికి చెల్లి ఫోన్ తీసీసింది. అదే ఆటలో పేకముక్కల మీద ఉన్న ప్రశ్నలు మాత్రం ఎంత బాగా పనిచేశాయో. "ఈ ఊర్లో ఎవరింటికి తాళం వెయ్యరు, ఎందుకు?" లాంటివి. అది అడగ్గానే టేబుల్ మొత్తం మాట్లాడేసింది. ఒకే ఆటలో పేరాలు చచ్చిపోయాయి, ప్రశ్నలు బతికాయి, టైంతో సహా రాసుకున్నాను.

అసలు సమస్య క్లాక్ దగ్గర. రూల్ ప్రకారం 6 లోపు వస్తే ఒక గడి నింపాలి, 7 నుంచి 9 వచ్చినా ఒక గడి నింపాలి, 10 ఆపైన వస్తేనే నింపక్కర్లేదు. చదివినప్పుడు ఇందులో తప్పేమీ కనబడలేదు, ఉత్కంఠ బాగుంటాది అనుకున్నా. ఆడుతుంటే అందరూ తలో రెండుసార్లు డైస్ వెయ్యకుండానే ఆరు గళ్ళూ నిండిపోయాయి. అప్పటికి బావ పాత్ర ఇంకా పడవ తాడు కూడా విప్పలేదు, మావయ్య లైట్‌హౌస్ మెట్లు ఎక్కుతున్నారు, తుఫాను వచ్చి మీద పడిపోయింది. సరే, పుస్తకంలో చెప్పినట్టు ఇంకో రాత్రి అని మళ్ళీ మొదలెట్టాం. ఈసారి జరిగింది ఇంకా ముఖ్యమైన విషయం. జనం డైస్ వెయ్యడం మానేశారు. అక్క, నేను వాళ్ళింటికి వెళ్ళను, ఇక్కణ్ణుంచే కేకేస్తాను, దీనికి డైస్ అక్కర్లేదు కదా అంది. చెల్లి ప్రతి పనికీ, ఇది మామూలు పనే కదా, మామూలు పనే కదా అని నన్ను ఒప్పించడం మొదలెట్టింది. బావ పాత్ర వంటింట్లో కూర్చుండిపోయింది. తెగువగా ఏదో ఒకటి చెయ్యమని చెప్పాల్సిన ఆట, ఏమీ చెయ్యకుండా కూర్చోవడమే తెలివి అని నేర్పిస్తోంది.

రాత్రి పడుకునేముందు లెక్క వేసి చూశాను. రెండు డైస్ వేస్తే 36 రకాలుగా పడొచ్చు, అందులో 10 ఆపైన వచ్చేవి 6 మాత్రమే. అంటే పాత్రకి బలం సున్నా అయితే 36లో 30 సార్లు గడి నిండుతాది, ఆరింట అయిదు సార్లు అన్నమాట. ఆరు గళ్ళు నిండడానికి సగటున ఏడు రోల్స్ చాలు. బలం 1 ఉన్నా 36లో 26 సార్లు నిండుతాది, ఎనిమిది రోల్స్. అయిదుగురు కూర్చున్న టేబుల్‌లో అది మనిషికి రెండు కూడా కాదు. కాగితం మీద ఆరు గళ్ళు అంటే ఎక్కువగానే కనిపిస్తాయి, మనుషులు కూర్చుంటేనే తెలుస్తాది అవి ఎంత తొందరగా పోతాయో.

ఇప్పుడు రెండో విషయం. తుఫాను పడ్డాక పేకముక్కలు తీసి ఆ రాత్రి గురించి ప్రశ్నలకి జవాబులు చెప్పాలి. మా ఫ్రెండ్ ఒక ముక్క తీశాడు, నేను పుస్తకంలో చూసి ప్రశ్న చదివాను, సముద్రం ఎవర్ని తీసుకుపోయింది, వాళ్ళ పేరు చెప్పు అని. వాడు ఏం మాట్లాడకుండా ఎక్స్ కార్డ్ మీద వేలు పెట్టాడు. నేను ఆ ముక్క పక్కన పెట్టి ఇంకోటి తియ్యమన్నాను, ఎవరూ ఏమీ అడగలేదు, బావ టీ పెట్టమంటారా అని లేచాడు. వాడికి ఏం గుర్తొచ్చిందో నేను ఇప్పటికీ అడగలేదు, అడగను. గాని ఇక్కడ పెరిగిన ఎవరికైనా తుఫాను అంటే కథలో వచ్చే వస్తువు కాదు. 1999 అక్టోబర్‌లో సూపర్ సైక్లోన్‌కి పది పన్నెండు రోజుల ముందు గోపాల్‌పూర్ దగ్గర ఇంకో పెద్ద తుఫాను తీరం దాటింది. 2013 అక్టోబర్ 12 రాత్రి, సరిగ్గా దసరా పూజల్లో, ఫైలిన్ మళ్ళీ గోపాల్‌పూర్ దగ్గరే దాటింది, ఒడిశా ఆంధ్రా కలిపి దాదాపు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు అటు శ్రీకాకుళం, ఇటు గజపతి, గంజాం మొత్తం అల్లాడిపోయాయి.

ఆట ఆపీసి అందరం టీ తాగుతుంటే మావయ్య మాట్లాడారు. ఆయన చెప్పింది నేను చెల్లి ఫోన్‌లో రికార్డ్ పెట్టి మరీ ఉంచుకున్నాను. "తుఫాను ఒక్క రాత్రి పనిరా. గాలి వేస్తాది, పోతాది. ఆ రాత్రి మనం చేసేదేటుంది, తలుపు పట్టుకుని కూర్చుంటాం. కథ తెల్లారాక కదా మొదలవ్వాలి. వీళ్ళు అక్కడ ఆపీసారు." ఫైలిన్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్డు మీద చెట్లు, ఎవరి రేకు ఎవరి పెరట్లో పడిందో వెతుక్కోవడం, మంచినీళ్ళ ట్యాంకర్ దగ్గర గొడవలు, మగ్గం గుంటలో నిండిన నీళ్ళు బకెట్లతో తోడి పొయ్యడం, తడిసిన పట్టు నూలు ఏది పనికొస్తాదో ఏది పనికిరాదో ముట్టుకుని చూడ్డం, ఇంటింటికీ తిరిగి ఉన్నారా అని పిలవడం. పక్కింటాయనతో అయిదారేళ్ళుగా మాటలు లేవట మావయ్యకి, ఆ గుంట నీళ్ళు తోడడానికి ఆయనే మొదట వచ్చారట. పుస్తకంలో చూస్తే తుఫాను తర్వాత అన్న భాగం అర పేజీ ఉంది, మీ పాత్ర ఏం నేర్చుకుందో ఒక్క వాక్యంలో చెప్పండి అని. అంతే.

ఆట అయ్యాక స్టార్స్ అండ్ విషెస్ అని ఒక పద్ధతి ఉంది, ఒక్కొక్కరు తమకి నచ్చిన క్షణం ఒకటి, ఇలా ఉంటే బాగుణ్ణు అనుకున్నది ఒకటి చెప్పాలి. సిగ్గుపడేవాళ్ళతో కూడా మాట్లాడించడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు. ఎలగుంది అని అడిగితే బాగుంది అంటారు, ఇంట్లోవాళ్ళయితే మరీను. ఒక క్షణం చెప్పు అంటే చెప్తారు. ఆ మాటలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించాను.

తర్వాత ఫీడ్‌బ్యాక్ రాయడం. ప్యాకెట్‌తోపాటు ఒక ఫారం ఇచ్చారు, ఎంత సరదాగా ఉంది, ఒకటి నుంచి అయిదులో ఎంత ఇస్తారు లాంటివి. అవన్నీ నింపాను గాని నాకు ఆ అంకెల మీద నమ్మకం లేదు. మూడు అని రాస్తే ఆ మనిషి దాన్ని పెట్టుకుని ఏం చేస్తారు, ఏ పేజీ దిద్దుకుంటారు? అందుకని కింద విడిగా రాశాను. రాసేటప్పుడు నాకు నేను పెట్టుకున్న నియమం ఏటంటే, జరిగింది ముందు, మాకు ఎలా అనిపించింది తర్వాత, ఎలా మార్చాలో వాళ్ళు అడిగితే తప్ప చెప్పకూడదు. క్లాక్‌కి పది గళ్ళు పెట్టండి అని రాయడం చాలా ఈజీ, చెయ్యి దురద పెట్టింది కూడా. గాని ఆట వాళ్ళది, ఆ ఆరు గళ్ళు వాళ్ళు దేనికోసం పెట్టుకున్నారో నాకు తెలీదు. నాకు తెలిసింది టేబుల్ మాత్రమే. కాబట్టి మనిషికి రెండు రోల్స్ కూడా రాకముందే క్లాక్ నిండింది, రెండో రాత్రి అందరూ డైస్ వెయ్యకుండా తప్పించుకునే పనులు వెతుక్కున్నారు, ఎవరెవరు ఏమేం మాటలన్నారో ఇవీ అని రాసి, కింద 36 లెక్క పెట్టాను. పేరాలూ ప్రశ్నల సంగతి రాశాను. నల్ల పేజీల సంగతి రాశాను. ఎక్స్ కార్డ్ సంగతి రాసేటప్పుడు మా ఫ్రెండ్‌ని అడిగి, సరే అన్నాకే రాశాను, పేరు లేకుండా. ఆ ప్రశ్న చెడ్డది అనలేదు, కొన్ని టేబుల్స్‌కి అదే కావాలేమో. మా దగ్గర ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, పేకముక్క తిరగేస్తే వచ్చే ప్రశ్న కాబట్టి అది వస్తోందని జీఎంకి కూడా ముందు తెలీదు, ముందుమాటలో ఎక్కడా హెచ్చరిక లేదు, ఎవరు తీస్తే వాళ్ళ నెత్తిన పడుతుంది. ఇది మాత్రం స్పష్టంగా రాశాను. చివర్న మావయ్య మాటలు ఇంగ్లీషులోకి మార్చి, ఆయన్ని అడిగే, మొత్తం పెట్టాను. నచ్చిన విషయాలు కూడా అంతే వివరంగా రాశాను, ఏ ప్రశ్నలు టేబుల్‌ని లేపాయో ఒక్కోటీ పేజీ నంబర్‌తో సహా. ఇది మర్యాద కోసం కాదు. ఏది పనిచేస్తోందో చెప్పకపోతే తర్వాతి డ్రాఫ్ట్‌లో దాన్నే కోసిపారేసే ప్రమాదం ఉంది.

చాలా రోజులు ఏ కబురూ లేదు. తర్వాత పెద్ద జవాబు వచ్చింది. వాళ్ళ సొంత గ్రూపులో ఎప్పుడూ ముగ్గురే ఆడతారట, పైగా బలం 2 ఉన్న పాత్రలతోనే ఎక్కువగా టెస్ట్ చేశారట, అందుకని క్లాక్ అంత త్వరగా నిండుతాదని వాళ్ళకి కనబడలేదు. డైస్ వెయ్యడం మానేశారు అన్న మాటే నన్ను కదిలించింది, గళ్ళ సంఖ్య గురించి ఇదివరకు కూడా చెప్పారు గాని ఈ మాట ఎవరూ చెప్పలేదు అని రాశారు. ఇంకా కొన్ని ప్రశ్నలు అడిగారు, సరిగ్గా ఏ రోల్ తర్వాత మానేశారు, ముందు ఎవరు మానేశారు అని. నోట్‌బుక్‌లో టైం రాసుంది కాబట్టి చెప్పగలిగాను. మావయ్య చెప్పినవి వాడుకోవచ్చా, ఆయన పేరు వెయ్యొచ్చా అని విడిగా అడిగారు, అది నాకు చాలా నచ్చింది. మన బతుకులోంచి ఇచ్చింది వాళ్ళ పుస్తకంలోకి వెళ్తున్నప్పుడు ఇలా అడగాలి, అడక్కపోతే మనమే అడిగించుకోవాలి. ప్లేటెస్టర్లకి మామూలుగా డబ్బులేమీ ఇవ్వరు, పుస్తకం చివర పేరు వేస్తారు, పూర్తయ్యాక ఒక కాపీ ఇస్తారు. మావయ్యకి చెప్తే, వేస్తే ఇంటిపేరుతో సహా వెయ్యమను, ఇంటిపేరు ముందు ఉండాలి అన్నారు. అలగే రాసి పంపాను.

కొత్త డ్రాఫ్ట్‌లో గళ్ళు ఆరే ఉన్నాయి, మార్చలేదు. మార్చింది వేరే. 6 లోపు వస్తేనే గడి తప్పనిసరిగా నిండుతాది, అది 36లో 15 సార్లు. 7 నుంచి 9 వస్తే ఆడేవాళ్ళే ఎంచుకోవాలి, క్లాక్‌లో ఒక గడి నింపుతారా, లేకపోతే మీ పాత్ర తన సొంతది ఏదైనా పోగొట్టుకుంటుందా. నేను పది గళ్ళు చెయ్యండి అని రాసుంటే ఈ రూల్ పుట్టేది కాదేమో. మళ్ళీ అదే టేబుల్, అదే మనుషులు. అక్కకి 8 పడింది. టేబుల్ అంతా గడి నింపీ, ఇంకా నాలుగు ఖాళీ ఉన్నాయి కదా అంటుంటే, అక్క, వద్దు, నా వల పోనీండి, ఊరికి టైం కావాలి అంది. అది పాత్ర వాళ్ళమ్మ అల్లిన వల అని ఆట మొదట్లో అక్కే చెప్పింది. ఎవరూ ఏమీ అనలేకపోయాం. తర్వాత నుంచి ఒక్కొక్కరు పోటీపడి తమవి ఇచ్చుకోవడం మొదలెట్టారు, బావ పాత్ర మొదటిసారి వంటిల్లు దాటి పడవ తీసింది. రూల్‌లో ఒక్క లైన్ మారితే మనుషులు ఇంత మారిపోతారా అని నాకు ఆశ్చర్యం వేసింది, ఈ పని మీద నాకున్న ఇష్టమంతా ఇలాంటి వాటివల్లే.

తుఫాను తర్వాత భాగం అర పేజీ నుంచి చాలా పేజీలకి పెరిగింది, అన్నీ ప్రశ్నలే. ఎవరి పైకప్పు మీ పెరట్లో పడింది? నీళ్ళ దగ్గర ముందు ఎవర్ని పోనిచ్చారు? మాటలు లేని మనిషి ఏ పని చెయ్యడానికి వచ్చారు? మావయ్య ఆ మూడోది విని నా వైపు చూసి తల ఊపారు, ఆయనకి చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. బరువైన ప్రశ్నలన్నీ ఇప్పుడు ఒకే రంగు ముక్కల్లోకి మార్చారు, ఆట మొదలెట్టేముందే ఆ రంగు ఉంచాలా తీసెయ్యాలా అని టేబుల్ నిర్ణయించుకోవాలి. మా ఫ్రెండ్ ఉంచండి అన్నాడు. తనకి కావాలంటే కార్డు ఎలాగూ ఉంది, ముందు తెలిస్తే చాలు అన్నాడు. ముందు తెలియడం అన్న ఈ మాట కూడా మళ్ళీ రాసి పంపాను.

ఇది చదివి ఎవరైనా ప్లేటెస్ట్ చెయ్యాలనుకుంటే, ఒక్క పేజీ ఆటలతో మొదలెట్టండి, జాన్ హార్పర్ రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ ఫ్రీగానే దొరుకుతాది, అది డ్రాఫ్ట్ కాదు గాని చేతికి అలవాటు అవుతాది. ఒంటరిగా ఆడే ఆటలు కూడా ఉన్నాయి, పేకముక్క తీసి డైరీ రాసుకునేవి, వాటికి ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం ఇంకా కష్టం, ఎక్కడ విసుగొచ్చిందో పట్టుకోవడానికి పక్కన ఇంకో మనిషి ఉండరు, అందుకని నేను డైరీ మార్జిన్‌లోనే పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటాను. ఇంగ్లీషు బాగా రాయలేమని ఆగిపోవద్దు. నేను పంపిన ఫీడ్‌బ్యాక్ అంతా చిన్న చిన్న వాక్యాలే, ఈ పేజీ, ఈ టైం, ఈ మాట అన్నారు, ఇలా చేశారు, అంతే. ఆ డిజైనర్ మళ్ళీ మళ్ళీ అడిగింది వాటి గురించే.

ఇప్పుడు ఇంకో డ్రాఫ్ట్ వచ్చింది. అందులో తుఫాను తర్వాత భాగం ముగ్గురితో ఆడితే సాగుతాదా, ప్రశ్నలు తిరిగి తిరిగి అవే మనుషుల మీదకి వస్తాయా అన్నది వాళ్ళకి తెలియాలట. మా టేబుల్‌లో అయిదుగురం, మేము చెప్పలేం. ఇచ్ఛాపురంలో బావ వాళ్ళ తమ్ముడు, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ ఆడతామన్నారు, ప్యాకెట్ తెల్ల పేజీల ఫైలే పంపించాను, మధ్యలో గీత గీసిన నోట్‌బుక్ పేజీ ఫొటో కూడా పెట్టాను. నేను వెళ్ళను, వెళ్తే అర్థం కానివన్నీ నన్నే అడిగేస్తారు, అప్పుడది బ్లైండ్ టెస్ట్ అవ్వదు.